జాగ్రత్త ఒక్కరి బుర్రలో ఉంటే చాలదు

(మన సంఘం వార్షిక సభ సందర్భంగా అరకులోయలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను పిల్లలకు పాఠం చెప్పేది ఉర్దూలో. అయితే ఈ సభలో అరకు, పాడేరు, శృంగవరపుకోట, విశాఖపట్నం నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. మన ఆహ్వానం మన్నించి వచ్చిన గిరిజన మిత్రులున్నారు. అందరికీ అందే భాష తెలుగే కనుక తెలుగులోనే మాట్లాడుతాను. ఇంట్లో కూర్చుని సంగతులు చెప్పుకున్నట్టే చెబుతాను. పరదా అవతలివారు కాస్త ఎక్కువ శ్రద్ధగా వినాలని మనవి. ఎందుకో చివరికి తెలుస్తుంది.

కార్యవర్గంవారు నాకు అప్పగించిన విషయం ఆపద. ఆపద వచ్చినప్పుడు ఇంట్లోనూ బయటా ఒక కుటుంబం ఏం చేయాలి, రాకముందే ఏం చేసి ఉంచుకోవాలి అన్నది. "మాస్టరు సాబ్, అంతా అల్లాహ్ చేతిలో ఉంది కదా" అని కొందరు అంటారు. నిజమే. కాని ఒంటెను కట్టేసిన తర్వాతనే తవక్కుల్ అన్న సంగతి మదర్సాకు వెళ్లే పిల్లవాడికి కూడా తెలుసు. నేను మాట్లాడబోయేది ఆ కట్టేసే తాడు గురించే.

కొండల్లో వచ్చే ఆపదకు, పట్నంలో వచ్చే ఆపదకు ఒక తేడా ఉంది. పట్నంలో సాయం దగ్గర. కొండల్లో సాయం దూరం. విశాఖ నుంచి అరకుకు రోడ్డుమీద సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట, బొడ్డవర దాటిన తర్వాత టైడా, డముకు, అనంతగిరి, సుంకరమెట్ట, అంతా మెలికల దారి. అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. రోడ్డు లేని గూడేల నుంచి ఇప్పటికీ జబ్బుచేసినవాళ్లను డోలీ కట్టి మోసుకొస్తున్నారు. 108 అంబులెన్సు 2005లో మొదలైంది, ఎన్నో ప్రాణాలు కాపాడింది. కాని ఆ బండి కూడా ఈ మలుపులన్నీ తిరిగే రావాలి. అది వచ్చేదాకా ఉన్న సమయం ఇంట్లోవాళ్లది, పక్కింటివాళ్లది. ఆ సమయంలో ఏం చేశామన్నదాని మీదే తర్వాత డాక్టరుగారు చేయగలిగేది ఆధారపడి ఉంటుంది.

హుద్‌హుద్ నేర్పిన పాఠం

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ పేరు ఒమన్ దేశం ఇచ్చినది. హుద్‌హుద్ అంటే పిట్ట. సులైమాన్ అలైహిస్సలామ్ వారికి కబురు మోసుకొచ్చిన పిట్టగా మన పిల్లలందరికీ తెలుసు. ఈ తుపాను కూడా కబురు చెప్పకుండా రాలేదు. వాతావరణ శాఖవారు రోజుల ముందునుంచే హెచ్చరించారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలాది ప్రాణాలు పోయాయి. హుద్‌హుద్ నాడు ముందే కబురందటం వల్ల, జనాన్ని తరలించటం వల్ల ప్రాణనష్టం పదుల సంఖ్యలోనే ఆగింది. కబురుకున్న విలువ అంత.

అయినా గాలి తన పని చేసింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన ఆ గాలికి విశాఖ విమానాశ్రయం పైకప్పే నిలవలేదు. స్తంభాలు ఒరిగాయి. కరెంటు లేక పంపులు ఆగి కుళాయిల్లో నీళ్లు రాలేదు. సెల్‌ఫోన్లు మూగబోయాయి. డబ్బుల యంత్రాలు పనిచేయలేదు. పాలపాకెట్టుకూ, పెట్రోలుకూ వరసలు కట్టారు.

తుపాను అంటే సముద్రపు ఒడ్డువాళ్ల సంగతి అని చాలామంది అనుకుంటారు. ఆ రోజు గాలి కొండెక్కింది. కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. గెడ్డలు పొంగాయి. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో రాకపోకలు ఆగిపోయాయి. ఆ తర్వాత కూడా, 2024 సెప్టెంబరులో కురిసిన వానలకు గూడెంకొత్తవీధి మండలంలో కొండచరియలు విరిగి ఇళ్లమీద పడ్డాయి. కనుక కొండమీద ఉన్నవాడు తుపాను కబురు విని నిశ్చింతగా పడుకోవటానికి వీల్లేదు.

హుద్‌హుద్ నాడు మనవారిలోనే ఒక కుటుంబానికి జరిగిన సంగతి చెబుతాను. పేర్లు వద్దు. ఇంటాయన సంతల్లో బట్టలు అమ్ముకునే వ్యాపారి. శనివారం సరుకు కోసం కిందికి దిగాడు. తిరిగి పైకి రావటానికి నాలుగు రోజులు దారి లేకపోయింది. ఇంట్లో భార్య, ముగ్గురు పిల్లలు, షుగరు జబ్బున్న అత్తగారు ఉన్నారు. రేకుల ఇల్లు. ఆ అమ్మాయి తెలివితక్కువది కాదు, పదో తరగతి పాసైంది. అయితే ఇంట్లో డబ్బున్న ఇనుపపెట్టె తాళంచెవి భర్త జేబులో ఉంది. మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఆమెకు తెలుసు, ఎప్పుడూ ముట్టుకోలేదు. అత్తగారికి ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు వేయాలో భర్తకే తెలుసు, ఎక్కడా రాసి లేదు. ఇంటి దస్తావేజులు, నికానామా, పిల్లల సర్టిఫికెట్లు మంచం కింద ట్రంకుపెట్టెలో ఉన్నాయి. నీళ్లు మొదట వచ్చేది అక్కడికే.

మధ్యాహ్నం పక్కింటి కొండదొర ఆమె వచ్చి తలుపు కొట్టింది. "అప్పా, రేకులు ఎగిరిపోతాయి. పిల్లల్ని తీసుకుని మా ఇంటికి వచ్చేయండి" అన్నది. ఆమె ఇల్లు మందపు మట్టిగోడల ఇల్లు, కప్పు కిందికి దిగి ఉంటుంది. అందరూ ఆ రాత్రి అక్కడే ఉన్నారు, చోడి అంబలి తాగారు. మరునాడు ఆమె తమ్ముడు, ఇంకో కుర్రాడు కలిసి అత్తగారిని పడిపోయిన చెట్ల మీదుగా మోసుకుని ఆసుపత్రికి చేర్చారు. ప్రాణం దక్కింది, అల్‌హందులిల్లాహ్. కాగితాలు మాత్రం ముద్దయిపోయాయి. వాటికోసం తర్వాత రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు.

ఆ ఇంటాయన అజాగ్రత్త మనిషి కాదు. మందు తెచ్చాడు, డబ్బు దాచాడు, కాగితాలు పెట్టెలో పెట్టాడు. కాని అంతా ఒక్కడి బుర్రలో ఉంది, ఒక్కడి జేబులో ఉంది. ఆ ఒక్కడు ఘాట్ కింద ఉన్నాడు. సాహెబాన్, నేను ఈ రోజు చెప్పదలచుకున్న మాట ఇదే. జాగ్రత్త ఒక్కరి బుర్రలో ఉంటే చాలదు. ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. మన ఇళ్లలో ఇంటి పెద్దకే అన్నీ తెలిసి ఉండటం గౌరవమనుకుంటాం. ఆపద వచ్చేటప్పుడు పెద్దాయన ఇంట్లో ఉన్నాడా అని చూసుకుని రాదు.

ఈ మధ్య మా ఎనిమిదో తరగతి పిల్లలను నాలుగు ప్రశ్నలు అడిగాను. ఇంట్లో కరెంటు మెయిన్ ఎక్కడుంది? గ్యాసు ఎలా కట్టేస్తారు? మీకు దగ్గరున్న ఆసుపత్రి ఏది? మీ నాన్నగారి ఫోన్ నంబరు ఎంత? మెయిన్ సంగతి మగపిల్లలే చెప్పారు. గ్యాసు సంగతి ఆడపిల్లలే చెప్పారు. ఫోన్ నంబరు నోటికి వచ్చినవాళ్లు తరగతిలో సగంమంది కూడా లేరు. "సర్, ఫోనులో ఉంది కదా" అన్నారు. "ఫోను తడిసిపోతే?" అంటే ఎవరూ మాట్లాడలేదు.

ఇంట్లో చేసి ఉంచుకోవలసినవి

మొదటిది కాగితాలు. దస్తావేజులు, రేషను కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, నికానామా, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి గట్టిగా బిగించి ఎత్తులో ఉంచండి. ఎక్కడ ఉంచారో ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లకైనా తెలియాలి. ఫోనులో ఫొటోలు తీసి ఇంకో ఊళ్లో ఉన్న బంధువుకు పంపి ఉంచండి. తాళంచెవులు రెండేసి ఉండాలి.

రెండవది నీళ్లు, తిండి. మనిషికి రోజుకు తాగటానికీ, వంటకూ నాలుగు లీటర్ల లెక్కన మూడు రోజులకు సరిపడా నీళ్లు మూతలున్న డబ్బాల్లో పట్టి ఉంచాలి. ఐదుగురున్న ఇంటికి 60 లీటర్లు. అటుకులు, బెల్లం, వేరుశనగలు, ఖర్జూరాలు, చిన్నపిల్లలుంటే పాలపొడి, పొయ్యి వెలిగించకుండా తినగలిగేవి సిద్ధంగా ఉండాలి. వరద తర్వాత వచ్చే నీళ్లు బాగా తెర్లించి చల్లార్చి తాగాలి. విరేచనాలు పట్టుకుంటే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. చెంచా అంటే టీ చెంచా, తల కొట్టి సమంగా తీసుకోవాలి. ఉప్పు ఎక్కువైతే చిన్నపిల్లలకు ప్రమాదం.

మూడవది మందులు. రోజూ వాడే మందులు వారానికి సరిపడా ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. మందు పేరు, ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి అన్నది ఒక కాగితంమీద పెద్ద అక్షరాలతో రాసి అలమరా తలుపు లోపల అతికించండి. ఇన్సులిన్ వాడేవారుంటే కరెంటు లేని రోజుల్లో సీసాను తడి తగలకుండా సంచిలో కట్టి, చిన్న గిన్నెలో పెట్టి, నీళ్లున్న మట్టికుండలో తేలేటట్టు ఉంచితే చల్లగా ఉంటుంది. మంచుగడ్డకు తగలనివ్వకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

నాలుగవది టార్చి, విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు, అగ్గిపెట్టె, చిన్న రేడియో, కొంచెం చిల్లర డబ్బు. ఫోన్లు పనిచేయని రోజున రేడియో మాట్లాడుతుంది. తుపాను మధ్యలో గాలి హఠాత్తుగా ఆగిపోయిందంటే అయిపోయిందని బయటికి పోకండి. తుపాను కన్ను మనమీదుగా పోతూ ఉండవచ్చు. కాసేపటికి గాలి ఎదురు దిక్కునుంచి మళ్లీ కొడుతుంది. తెగిపడిన తీగ దేన్నీ ముట్టుకోవద్దు, పిల్లలకు గట్టిగా చెప్పండి.

నిప్పు, పొగ

గ్యాసు వాసన వస్తే స్విచ్ వేయకూడదు, వెలుగుతున్నది ఆర్పకూడదు. రెండింటికీ నిప్పురవ్వ పుడుతుంది. గ్యాసు గాలికంటే బరువు, నేలమీదే పరుచుకుంటుంది. తలుపులు, కిటికీలు తెరవాలి, రెగ్యులేటర్ కట్టేయాలి, అందరూ బయటికి వచ్చి తర్వాత ఫోను చేయాలి. గ్యాసు లీకు కోసం 1906 నంబరు ఉంది.

మన ఆడవాళ్లకు ఒక మాట. నైలాన్ దుపట్టా పొయ్యి దగ్గర పెద్ద శత్రువు. వంట చేసేటప్పుడు చెంగు దోపుకోండి, నూలు బట్ట కట్టుకోండి. బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తకూడదు. పరుగు పెడితే గాలి తగిలి మంట పెరుగుతుంది. నేలమీద పడి దొర్లాలి. పక్కనున్నవాళ్లు కంబళి గాని మందపాటి దుప్పటి గాని కప్పి మంట ఆర్పాలి. కాలినచోట 20 నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోయాలి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. సిరా, పేస్టు, పసుపు, మంచుగడ్డ ఏదీ పెట్టవద్దు. అంటుకుపోయిన బట్టను లాగవద్దు.

చలికాలంలో ఈ కొండలమీద కుంపటి పెట్టుకోవటం మామూలు. లంబసింగి, అరకు చూడటానికి వచ్చే చుట్టాలు కూడా గదిలో బొగ్గుల అంగీఠీ పెట్టుకుని తలుపులు బిగించి పడుకుంటారు. బొగ్గునుంచి వచ్చే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, తిప్పటం, మగత వస్తాయి. నిద్రలో ఉన్నవాడికి అదీ తెలియదు. కుటుంబాలకు కుటుంబాలే తెల్లారేసరికి లేవకుండా పోయిన సంఘటనలు మన దేశంలో ప్రతి చలికాలం వింటున్నాం. కుంపటి వాకిట్లో కాచుకోండి. గదిలోకి మాత్రం తీసుకుపోవద్దు. రెండు కంబళ్లు ఎక్కువ కప్పుకోండి.

పాము కరిస్తే

మన ప్రాంతంలో ప్రాణం తీసే పాములు ముఖ్యంగా నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. వీటిలో కట్లపాము సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అది రాత్రి తిరుగుతుంది. నేలమీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవటం, మాట ముద్దగా రావటం కనిపిస్తే కట్లపామేమోనని అనుమానించి ఆసుపత్రికి పోవాలి. మంచంమీద పడుకుని దోమతెర అంచులు పరుపు కింద దోపుకుంటే పామునుంచీ, దోమనుంచీ రెండు విధాలా రక్షణ.

కరిచినప్పుడు కోయటం, నోటితో పీల్చటం, తాడు బిగించి కట్టటం మూడూ హాని చేస్తాయి. మనిషిని కదలనివ్వకుండా పడుకోబెట్టాలి, ధైర్యం చెప్పాలి. కరిచిన కాలికో చేతికో కర్ర ఆనించి, కదలకుండా మెత్తటి గుడ్డతో వదులుగా కట్టాలి. మంత్రగాడి దగ్గరకు తీసుకుపోవటంలో పోయేది సమయం. విషానికి విరుగుడు మందు ఒక్కటే, అది ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంటుంది, ఈ నాలుగు పాములకూ పనిచేస్తుంది. పామును చంపి పట్టుకుపోవలసిన పని లేదు. ఆ ప్రయత్నంలో రెండోవాడిని కూడా కరుస్తుంది.

ఘాట్ రోడ్డుమీద

2021 ఫిబ్రవరి 12న అనంతగిరి ఘాట్‌లో డముకు దగ్గర యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. చీకటి పడిన తర్వాత జరిగింది. ఆ చీకట్లో, ఆ లోయలోకి దిగి ఒక్కొక్కరినీ పైకి తేవటం ఎంత కష్టమో ఈ దారి తెలిసిన మీకు నేను చెప్పనక్కరలేదు.

కాబట్టి మొదటి నియమం, పొద్దుండగానే ఘాట్ దిగాలి. "ఇంకో గంట చూసి వెళ్దాం" అన్న మాట దగ్గరే ప్రమాదం మొదలవుతుంది. రెండవది, ఎక్కేటప్పుడు ఏ గేరు కావాలో దిగేటప్పుడు అదే గేరు. కిందిదాకా బ్రేకు తొక్కుతూ వస్తే బ్రేకు వేడెక్కి అవసరమైనప్పుడు పట్టదు. డ్రైవరు కొత్తవాడైతే బయలుదేరే ముందే అడగండి: ఈ ఘాట్ ఎప్పుడైనా దిగావా అని. అడగటానికి మొహమాటం వద్దు. మూడవది, పైకి వచ్చే బండికి దారివ్వాలి, మలుపులో హారన్ కొట్టాలి, మలుపులో ఆగి ఫొటోలు తీయకూడదు. నాలుగవది, బండిలో ఎంతమంది ఉన్నారు, ఏ దారిన వెళ్తున్నారు, ఎన్నింటికి చేరతారు, బండి నంబరు ఎంత అన్నది ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లాలి. ఘాట్‌లో చాలాచోట్ల ఫోను పనిచేయదు. సమయానికి చేరకపోతే ఎక్కడ వెతకాలో ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండాలి.

వాన కురుస్తున్నప్పుడు తొలిచిన కొండ కింద బండి ఆపవద్దు. చిన్నచిన్న రాళ్లు రాలుతున్నా, చెట్లు కొత్తగా వంగి కనిపించినా, కొండలోనుంచి బురదనీళ్లు కారుతున్నా పైనుంచి చరియ రాబోతున్నదని అర్థం. వెనక్కి రావాలి.

ప్రమాదం జరిగి రక్తం పోతున్నచోట శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేతితో గట్టిగా నొక్కి పట్టుకోవాలి. ఆగిందా అని మాటిమాటికీ గుడ్డ తీసి చూడకుండా పది నిమిషాలు వదలక పట్టుకోవాలి. మెడకు, వెన్నుకు దెబ్బ తగిలినట్టు అనుమానం ఉంటే, నిప్పో నీళ్లో ముంచుకొస్తే తప్ప, కదిలించకూడదు.

గెడ్డ దగ్గర, ఆకాశం కింద

చాపరాయి, కటికి జలపాతాల దగ్గర రాళ్లు చూడటానికి మెత్తగా ఉంటాయి. పాచి పట్టి సబ్బుకంటే జారుతాయి. ఇంకొక సంగతి పట్నం చుట్టాలకు తెలియదు. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన కొండమీద వాన పడితే గెడ్డ నిమిషాల్లో పొంగుతుంది. తేటగా ఉన్న నీళ్లు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, శబ్దం పెరిగినా సామాను వదిలేసి పిల్లలతో గట్టెక్కాలి. ఎవరైనా కొట్టుకుపోతుంటే ఈతరాని ఇంకొకరు దూకితే పోయేది రెండు ప్రాణాలు. పొడవాటి కర్ర చాచండి, తాడు విసరండి, దుపట్టాలు ముడివేసి విసరండి. మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా మనిషిని తేల్చగలదు. గెడ్డకు వెళ్లేటప్పుడు అలాంటి డబ్బాకు తాడు కట్టి వెంట ఉంచుకోవటానికి ఖర్చేమీ లేదు.

పిడుగుల సంగతి. మెరుపు కనిపించిన తర్వాత అంకెలు లెక్కపెట్టండి. 30 లెక్కపెట్టేలోగా ఉరుము వినిపిస్తే పక్కా ఇంట్లోకి గాని, తలుపులు మూసిన కారులోకి గాని పోవాలి. చివరి ఉరుము విన్న తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. ఒంటరి చెట్టు కిందికి పోకూడదు, మామిడైనా చింతైనా ఒకటే.

సంతలో, రైల్వే స్టేషనులో, బొర్రా గుహల రద్దీలో పిల్లలు తప్పిపోవటం మామూలు. ఇంటినుంచి బయలుదేరే ముందు ప్రతి పిల్లవాడి జేబులో పేరు, రెండు ఫోన్ నంబర్లు రాసిన కాగితం పెట్టండి. "తప్పిపోయావని తెలిసిన చోటే నిలబడు, మేమే వస్తాం" అని నేర్పండి. ఇద్దరూ వెతుక్కుంటూ తిరిగితే ఎప్పటికీ కలవరు.

ఇక్కడికి వచ్చి వెళ్లిన కొన్ని వారాలలోపు జ్వరం వస్తే, ఏజెన్సీకి వెళ్లివచ్చామని డాక్టరుగారికి తప్పక చెప్పండి. మలేరియాలో ఒక రకం మెదడుకు ఎక్కుతుంది. ఆలస్యమైతే ప్రాణం తీస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపరీక్షకు డబ్బు తీసుకోరు.

మన పొరుగువారు

ఇన్ని జాగ్రత్తలు చెప్పాను. వీటిలో చాలా భాగం ఈ కొండల్లోని మన గిరిజన మిత్రులకు పుస్తకం చదవకుండానే తెలుసు. నీటి రంగు చూసి వాన చెబుతారు, చెట్టు వంగటం చూసి కొండ చెబుతారు. హుద్‌హుద్ రోజున ఆ కుటుంబాన్ని కాపాడింది ముందుగా పక్కింటామె కొట్టిన తలుపు. మనం వారి సంతల్లో వ్యాపారం చేసుకుంటున్నాం, వారి నీళ్లు తాగుతున్నాం. మరి వారి గూడెంలో ప్రసవానికి ఆడమనిషిని డోలీలో మోసుకొస్తుంటే, రోడ్డు దగ్గర మన వ్యాను ఖాళీగా నిలబడి ఉంటే మనమేం చేస్తున్నాం? ఈ ప్రశ్న మీకే వదిలిపెడుతున్నాను.

సంఘం చేయగలిగినది

నాలుగు ప్రతిపాదనలు చేసి ముగిస్తాను. ఇవి కార్యవర్గం ముందు పెట్టమని అధ్యక్షులవారికి మనవి.

ఒకటి: వ్యాన్లు, ఆటోలు ఉన్న సభ్యుల పేర్లు, రక్తం ఇవ్వగలిగినవారి గ్రూపులు ఒక జాబితాగా రాసి మస్జిదు దగ్గర, సంఘం ఆఫీసులో, ఆసుపత్రిలో ఉంచాలి. ఎవరు ఏ మతం, ఏ తెగ అని చూడకుండా పిలిచిన వెంటనే కదలాలి.

రెండు: తుపాను కబురు వచ్చినప్పుడు మస్జిదు మైకులో తెలుగులోనూ, ఉర్దూలోనూ చెప్పాలి. ఆ మైకు పేట అంతటికీ వినపడుతుంది. గిరిజన మిత్రులలో ఒకరు వారి భాషలో కూడా చెబితే ఇంకా మంచిది.

మూడు: ఒక మడత స్ట్రెచరు, రెండు పెద్ద టార్చీలు, వంద అడుగుల తాడు సంఘం తరఫున కొనాలి.

నాలుగవది ముఖ్యమైనది. సంవత్సరానికి ఒక పూట, వానాకాలానికి ముందు, ఆడవాళ్లకూ ఆడపిల్లలకూ ప్రత్యేకంగా తరగతి పెట్టాలి. మెయిన్ స్విచ్ ఆపటం, గ్యాసు కట్టేయటం, రక్తం ఆపటం, కట్టు కట్టటం, ఫోనులో 112కు, 108కు ఎలా మాట్లాడాలి అన్నవి చెప్పి వదలకుండా చేతితో చేయించాలి. ఫోను చేసినప్పుడు భయంతో అరిస్తే అవతలివారికి ఏమీ అర్థం కాదు. ఎక్కడ, ఏం జరిగింది, ఎంతమంది, దారి ఏది అన్న నాలుగు మాటలు వరసగా చెప్పటం అభ్యాసం మీద వస్తుంది. "ఆడవాళ్లకెందుకండీ ఇవన్నీ" అనే పెద్దలు ఈ సభలో ఉండవచ్చు. వారికి నా సమాధానం ఒక్కటే. మీరు సంతలో ఉంటారు, దుకాణంలో ఉంటారు, మస్జిదులో ఉంటారు. ఇంట్లో ఉండేది వాళ్లు. ఇల్లు కాలినా, మునిగినా మొదట చూసేది వాళ్లు.

ఈ రాత్రి ఇంటికి వెళ్లగానే ఒక కాగితం తీసుకుని ఇవి రాసి వంటింటి తలుపుమీద అతికించండి. పోలీసు, మంట, ఏ ఆపదకైనా 112. అంబులెన్సు 108. జిల్లా విపత్తు కంట్రోలు రూము 1077. ఇంటి ఇద్దరు పెద్దల ఫోన్ నంబర్లు. ఊరు దాటి ఉన్న ఒక బంధువు నంబరు. ఇంట్లో వాడే మందులు, వాటి మోతాదు. కాగితాల సంచి ఉన్నచోటు. ఇల్లు వదలవలసివస్తే అందరూ కలుసుకునే చోటు. రాసేటప్పుడు మీరు రాయకండి. మీ కూతురిచేత రాయించండి. రాసినవాళ్లకు అది గుర్తుంటుంది.